దూరపు నడకకు ఏ పొయ్యి?

పోయిన చలికాలం ఉదయగిరి దుర్గం మీద టీ కాచుకుంటూ, స్పిరిట్ పొయ్యి (మండే ఆల్కహాల్ పోసి వెలిగించేది) ఆరిపోయిందనుకుని మళ్లీ సీసా వంచబోయాను. స్పిరిట్ మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. చేతికి సెగ తగిలి ఆగాను కానీ, చుట్టూ నిలువునా ఎండిన బోదగడ్డిని చూశాక చాలాసేపు నా గుండెదడ తగ్గలేదు. ఆ పొయ్యిని కొనడానికి నాకున్న కారణం ఒక్కటే: దాని బరువు 15 గ్రాములు.

నెల్లూరుకు తిరిగివచ్చాక వంటింటి కాటా ముందు పెట్టుకుని లెక్క వేశాను. అర లీటరు నీరు మరగడానికి గ్యాస్ 8 గ్రాములు, స్పిరిట్ 16 గ్రాములు పట్టింది. గ్రాముకు గ్రాము చూస్తే స్పిరిట్ ఇచ్చే వేడి గ్యాస్‌లో 60 శాతం లోపే. మిగిలిన తేడా గాలికి పోయే వేడిది. రోజుకు లీటరున్నర చొప్పున నాలుగు రోజులకు 100 గ్రాముల గ్యాస్ డబ్బా సరిపోతుంది. ఖాళీ డబ్బా బరువు, 75 గ్రాముల పొయ్యి కలిపితే మొత్తం 275 గ్రాములు. స్పిరిట్, సీసా, పొయ్యి కలిపి 235. అంటే నాలుగు రోజులకు స్పిరిట్ 40 గ్రాములు తేలిక. తొమ్మిది రోజులకు మాత్రం 230 గ్రాముల డబ్బాతో గ్యాసే తేలికవుతుంది. కనుక పొయ్యిని ఒక్కదాన్నే తూచి కొనడం తప్పు. రోజులను, ఇంధనాన్ని కూడా కలిపి తూచాలి.

వంట సంగతీ ఉంది. స్పిరిట్ పొయ్యిపై మంట తగ్గించడం కష్టం కాబట్టి అన్నం అడుగంటుతుంది. నేను మొలగొలుకుల బియ్యం ఇంట్లోనే వదిలి అటుకులు తీసుకువెళ్తాను. వేడినీళ్లు పోసి మూత పెడితే చాలు.

హిమాలయాలకు వెళ్లేవారు మరో రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, గ్యాస్ డబ్బాను గానీ స్పిరిట్‌ను గానీ రైల్లో తీసుకువెళ్లకూడదు. 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం అది మూడేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. విమానంలోనూ ఒప్పుకోరు. అందువల్ల ఇక్కడి నుంచి పొయ్యి మాత్రమే తీసుకువెళ్లి, ఇంధనం నడక మొదలయ్యే ఊళ్లోనే కొనాలి. అక్కడ ఏ రకం డబ్బా దొరుకుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కున్నాకే పొయ్యి కొనడం మేలు. రెండోది చలి. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 వరకు, ప్రొపేన్ మైనస్ 42 వరకు ఆవిరవుతాయి కాబట్టి, ఆ రెండూ కలిసిన డబ్బానే అడిగి తీసుకోవాలి. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పక్కన పెట్టుకుంటే ఉదయం టీకి ఇబ్బంది ఉండదు.

మన వెలికొండల్లో, నల్లమలలో ఆ చలి బాధ లేదు. ఇక్కడ భయమంతా గాలి, ఎండుగడ్డి. అందుకే ఒక్కరాత్రి నడకకైనా నేనిప్పుడు బరువు ఎక్కువైనా మోసి గ్యాస్ పొయ్యే తీసుకువెళ్తున్నాను, ఎందుకంటే మర తిప్పగానే మంట ఆరిపోతుంది, ఒలికేది ఏమీ ఉండదు. రిజర్వు అడవిలోనైతే అటవీ సిబ్బంది ఒప్పుకుంటేనే, అదీ గడ్డి లేని బండ మీదే వెలిగిస్తాను. గాలికి అడ్డుగా రేకు ఒక పక్కనే నిలబెడతాను. డబ్బా చుట్టూ పూర్తిగా మూసేస్తే అది వేడెక్కి పేలగలదు.