‘బెట్’ అంటే సరే అనట

పన్నెండు కావస్తోంది. ఆయన ఎప్పుడో పడుకున్నారు. ఈ ముక్క రాసేస్తే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

పొద్దున చిన్నదానికి మెసేజ్ పెట్టాను, ఆదివారం రాత్రి ఫోన్ చేస్తాను, ఈసారైనా ఎత్తు అని. గంట తర్వాత జవాబు వచ్చింది. ‘బెట్’. అంతే, ముందూ లేదు, వెనకా లేదు.

పందెమా? నేను చెయ్యననా, తను ఎత్తననా? మొన్నటి గొడవ తర్వాత అది పొడిపొడిగానే మాట్లాడుతోంది కదా, అందుకని నాకు చెడ్డ అర్థమే తోచింది. ‘చేస్తే చూద్దాంలే’ అని ఎత్తిపొడిచినట్టు. మధ్యాహ్నం పని మధ్యలో ఫోన్ తీసి ఆ ఒక్క మాటనీ నాలుగుసార్లు చూసుకున్నాను.

సాయంత్రం పెద్దాణ్ణి అడిగాను. “అమ్మా, బెట్ అంటే సరే అని. అలాగే, తప్పకుండా, అంతే” అన్నాడు. తప్పకుండా అనడానికి ‘యూ బెట్’ అనడం అమెరికాలో ఎప్పట్నుంచో ఉన్నదే. ఇప్పుడు పిల్లలనే ‘బెట్’ అక్కడి నల్లజాతివారి మాటల్లోంచి వచ్చి ప్రపంచమంతా పాకిందట. ‘క్యాప్’ అంటే అబద్ధం, ‘నో క్యాప్’ అంటే ఒట్టు, నిజం. ‘సిక్’ అంటే జబ్బు కాదు, అదిరిపోయిందని. ఓపిగ్గానే చెప్పాడు పాపం. చివర్లో మాత్రం “కానీ నువ్వు వాడకు అమ్మా, బాగోదు” అన్నాడు.

అది గుచ్చుకుంది. తెలియకపోతే తెలియదంటారు, తెలుసుకుంటే వాడొద్దంటారు. మాటకి కూడా వయసు చూసి లోపలికి రానిస్తారా? ముప్పై ఏళ్లుగా ఇంగ్లిష్‌లోనే పని చేస్తున్నాను. ఉత్తరాలు రాశాను, రిపోర్టులు రాశాను, ఎదుటివాళ్ల తప్పులు దిద్దాను. అయినా ఒక్క చిన్న మాట చాలు, మళ్లీ గుమ్మం బయట నిలబెట్టడానికి.

ఇది ఇవాళ్టి బాధ కాదు. ఆ ‘టేబుల్’ సంగతి మీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అమెరికా క్లయింట్‌తో కాల్. నా అంశం మూడోది. దానికోసం రెండు రాత్రులు కూర్చుని లెక్కలన్నీ తయారుచేసుకున్నాను. కాగితాలు వరసగా పేర్చి, మూలలు సరిచేసి, పైన పెన్ను పెట్టుకున్నాను. నా వంతు రాగానే అవతలి పెద్దాయన “లెట్స్ టేబుల్ దిస్” అన్నాడు. బల్లమీద పెట్టండి, చర్చిద్దాం అంటున్నాడనుకున్నాను. “థాంక్యూ” అని మొదలుపెట్టేశాను. మొదటి పేజీ సగంలో ఉండగా అటువైపు ఎవరో నవ్వారు. పెద్ద నవ్వు కాదు, ముక్కులోంచి వచ్చే నవ్వు. మా మేనేజర్ నా వైపు చూడకుండానే “నెక్స్ట్ ఐటమ్” అన్నాడు. నేను కాగితాలు ఒడిలోకి లాక్కున్నాను. కాల్ అయ్యాక కూడా నేనేం తప్పు చేశానో ఎవరూ చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బ్రిటన్‌లో ‘టేబుల్’ చెయ్యడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో పక్కన పెట్టెయ్యడం. ఒకే మాటకి రెండు దేశాల్లో పూర్తిగా తలకిందుల అర్థాలు! రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు సరిగ్గా ఈ మాట దగ్గరే గట్టిగా వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. ఇంగ్లిష్ పుట్టుభాషగా ఉన్నవాళ్లే అలా పడ్డారు. నన్ను చూసి నవ్వినవాడికి ఆ సంగతి తెలిసుంటే బాగుండేది. ఇన్నేళ్లయినా ఆ నవ్వు మీద కోపం పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

పెద్దాడి మీద విసుగుతోనే ఇందాక ఈ మాటల గురించి చదువుతూ కూర్చున్నాను. మన నోట్లో రోజుకి వందసార్లు ఆడే ‘ఓకే’ ఎక్కడిదనుకున్నారు? 1839 మార్చి 23న బోస్టన్‌లో ఒక పత్రికలో అచ్చయింది. అప్పట్లో అక్కడ కావాలని తప్పు స్పెల్లింగులు రాసి, వాటిని పొడి అక్షరాలుగా కుదించడం ఒక సరదా. ‘ఆల్ కరెక్ట్’ని ఓ తో, కె తో తప్పుగా రాసి ‘ఓ.కె.’ చేశారు. మరుసటి ఏడు ఎన్నికల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ మనుషులు దాన్ని ఎత్తుకున్నారు. ఆయన ఊరు కిండర్‌హుక్, కాబట్టి ‘ఓల్డ్ కిండర్‌హుక్’. అలా నిలబడిపోయింది. అంటే అప్పటి కుర్రచేష్టే నేనివాళ ఆఫీసు ఉత్తరాల్లో మర్యాదగా రాస్తున్న మాట! ‘ఓఎమ్‌జీ’, అదే ‘ఓ మై గాడ్’, కూడా పిల్లలు పుట్టించింది కాదు. 1917లో డెబ్భై ఆరేళ్ల బ్రిటిష్ మాజీ నౌకాదళాధిపతి ఫిషర్ చర్చిల్‌కి రాసిన ఉత్తరంలోనే ఉంది. డెబ్భై ఆరేళ్లు. పెద్దాడికి పొద్దున్నే చెప్పాలి.

చదువుతుంటే కోపం కాస్త దిగింది. దిగాక ఇంకోటి గుర్తొచ్చి గుండె పట్టేసింది.

చిన్నదానికి ఆరేళ్లు. స్కూల్లో డాన్స్ చేసి స్టేజి దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. కాటుక చెంపల దాకా కారింది, ఒక గజ్జె ఊడి చేతిలో ఉంది. నేను సంతోషం పట్టలేక “చంపేశావే!” అన్నాను. దాని మొహం అక్కడికక్కడే మారిపోయింది. కింది పెదవి వణికింది. “ఎవర్ని?” అంది.

అప్పుడు చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది నా చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుని, ఇంటికెళ్లేదాకా మాట్లాడలేదు.

మనం మెచ్చుకోడానికి చంపుతాం, ఇరగదీస్తాం, చింపేస్తాం. నవ్వలేక చస్తాం. ఇవన్నీ దానికి నేను కూర్చోబెట్టి చెప్పిందేం లేదు, ఎప్పుడు నేర్చుకుందో కూడా తెలియదు. వాడొద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆ విషయంలో పెద్దాడిది తప్పే, ఇప్పటికీ అదే అంటాను.

ఇందాక జవాబుగా నేనూ ‘బెట్’ అని టైపు చేసి చెరిపేశాను. ‘సరే తల్లీ’ అని పెట్టాను. రెండు నీలి గీతలు వచ్చాయి. ఇంత రాత్రి ఇంకా మేలుకునే ఉందన్నమాట. ఆదివారం ఎత్తితే ఆ ‘ఎవర్ని?’ గుర్తుందా అని అడగాలి.