పద్దెనిమిది వలయాల క్రాన్సెకాకె: నా అనుభవం

మా అమ్మాయి నార్వేలోని స్టావంగర్‌లో చదువుతోంది. ఏప్రిల్ చివర జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, మే 17న పిల్లల ఊరేగింపు ముగిశాక బడిలో పెట్టే కేకుల బల్లకు ఎవరు ఏమి చేసి తెస్తారో రాయమని ఒక కాగితం చేతులు మారుతూ నా దగ్గరకు వచ్చింది. అప్పటికే దానిలో చాక్లెట్ కేకులు మూడు, మీగడా స్ట్రాబెర్రీలూ పేర్చి చేసే బ్లోట్‌కాకెలు రెండు ఉన్నాయి. ఈ దేశానికి వచ్చి ఐదేళ్ళయినా ప్రతిసారీ దుకాణంలో కొన్న బిస్కెట్లతో సరిపెట్టుకొస్తున్నానన్న మొహమాటం కొంత, బాదంపప్పుతో చేసే మిఠాయి ఏదైనా నా చేతికి లొంగకపోతుందా అన్న ధీమా కొంత కలిసి, నేను ఆ కాగితం మీద క్రాన్సెకాకె అని రాసి వచ్చాను. అప్పటికి ఆ కేకును రెండు సార్లు తిన్నాను, ఒక్కసారి కూడా చేయలేదు.

పేరులోని క్రాన్స్ అనే మాటకు దండ, వలయం అని అర్థం. ఒకదానికంటే ఒకటి కొద్దిగా చిన్నవైన పద్దెనిమిది బాదం వలయాలను గోపురంలా పేర్చి, మధ్యమధ్య తెల్లటి చక్కెర గీతలు గీసి, పైనుంచి కిందికి చిన్న కాగితపు జెండాల తోరణాలు వేలాడదీస్తే అది క్రాన్సెకాకె. నార్వేలో పెళ్ళికీ, టీనేజి పిల్లలకు చర్చిలో జరిగే కన్ఫర్మేషన్ వేడుకకూ, క్రిస్మస్‌కూ, 1814లో ఈడ్స్‌వోల్‌లో రాజ్యాంగం వెలువడిన మే 17 పండుగకూ ఇది బల్ల మీదికి వస్తుంది. డెన్మార్క్‌వారు దీనిని డిసెంబరు 31 అర్ధరాత్రి తింటారు. దీనిలో గోధుమపిండి చిటికెడు కూడా ఉండదు. అర కిలో బాదం, అర కిలో ఐసింగ్ షుగర్, మూడో నాలుగో గుడ్ల తెల్లసొన, అంతే. మూడే దినుసులని చూసి తేలిక అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

హైదరాబాదు నుంచి తెచ్చుకొన్న మిక్సీలో బాదం వేసి, మన బాదం బర్ఫీకి తిప్పినట్టే తిప్పాను. రెండు నిమిషాలలో జారు వేడెక్కింది, పొడి ముద్ద కట్టి నూనె వదలడం మొదలుపెట్టింది. అయినా పట్టించుకోకుండా చక్కెర, నాలుగు గుడ్ల తెల్లసొన ఒకేసారి కలిపి, జిగురుగా ఉన్న ఆ పిండినే తాళ్ళుగా చేసి అరువు తెచ్చుకొన్న అచ్చులలో పరిచాను. పొయ్యిలో పది నిమిషాలకు ఆ వలయాలు ఒకదానిలోకి ఒకటి కారి, ప్రతి అచ్చులోనూ ఒక గోధుమరంగు బిళ్ళ తయారైంది. అది అచ్చును వదలనూ లేదు. చాకు మొనతో గీకిన ముక్కలు రుచిగానే ఉన్నాయని మావారు చెప్పారు గాని, రుచి కోసం నేను అచ్చులు అరువు తెచ్చుకోలేదు.

ఆ అచ్చులు పక్కింటి పెద్దావిడవి. ఇక్కడ ఎంత పెద్దవారినైనా పేరుతోనే పిలవాలి. డెబ్బై ఐదేళ్ళ మనిషిని పేరు పెట్టి పిలవడానికి నా నోరు రాదు, అందుకని నేను ఆమెను పలకరించేటప్పుడు పేరు అవసరం పడకుండా మాటలు కూర్చుకొంటూ ఉంటాను. అచ్చులు నల్లబడిన సంగతి చెప్పుకోవడానికి వెళితే, ఆమె కోప్పడలేదు. లోపలికి వెళ్ళి బల్ల అంచుకు మరతో బిగించే ఒక ఇనుప యంత్రాన్ని తెచ్చి నా ముందు పెట్టింది. దానిని మాండెల్‌క్వర్న్ అంటారు. మాండెల్ అంటే బాదం, క్వర్న్ అంటే తిరగలి. పిడి తిప్పుతూ ఉంటే చిన్న చిల్లుల డోలు బాదాన్ని తురుములా రాలుస్తుంది. వేడి పుట్టదు, నూనె దిగదు. మిక్సీ బ్లేడు చితక్కొడుతుంది, తిరగలి గీరుతుంది, అందువల్లనే ఈ తేడా అంతా.

రెండవసారి పనిని మూడు రోజులకు పంచుకొన్నాను. మొదటి రోజు పావు కిలో బాదాన్ని వేడినీళ్ళలో వేసి తొక్క వలిచి, బట్ట మీద రాత్రంతా ఆరబెట్టాను. మిగిలిన పావు కిలోను తొక్కతోనే ఉంచాను. ఆ తొక్క వల్లనే కేకుకు లేత గోధుమ చుక్కలూ, కాస్త గాఢమైన రుచీ వస్తాయని పెద్దావిడ చెప్పింది. మరునాడు బాదాన్ని తిరగలిలో ఒకసారి వట్టిగా, రెండవసారి చక్కెర కలిపి తిప్పాను. నా కుడి భుజం రెండు రోజులు నొప్పి పెట్టింది.

తెల్లసొన ఎంత పోయాలన్నదే అసలు చిక్కు. ఆమె చేతిరాత కాగితంలో మూడు నుంచి నాలుగు అని ఉంది. ఏ గుడ్డు ఎంత పెద్దది, బాదం ఎంత ఆరింది అన్నదానిని బట్టి అది మారుతుందట. అరిసెల పాకాన్ని నీళ్ళలో వేసి ఉండ కట్టి చూసే మా అమ్మను పాళ్ళు అడిగితే వచ్చే జవాబు కూడా ఇలాగే ఉండేది కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు. మూడు తెల్లసొనలను చెంచా చెంచాగా పోస్తూ, మందమైన గిన్నెలో, చాలా సన్నని మంట మీద గోరువెచ్చగా అయ్యేదాకా మెదిపాను. మొదట పొరపొరలాడిన పిండి కొంతసేపటికి నునుపై, వేలికి అంటకుండా గిన్నె అంచును వదిలింది. నాలుగవ గుడ్డు పగలగొట్టే అవసరం రాలేదు. పిండిని కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. మొదటిసారి నేను చేయనిది ఇదే. చల్లబడి బిగుసుకొంటేనే పిండి తాడుగా సాగుతుంది, పొయ్యిలో కారిపోదు.

మూడవ రోజు ఉదయం అచ్చులకు వెన్న రాసి పైన రవ్వ చల్లాలని ఆ కాగితంలో ఉంది. దుకాణంలో సెమూలెగ్రిన్ అని అమ్మే ఆ పొట్లం విప్పి చూస్తే మన బొంబాయి రవ్వే. నార్వేవాళ్ళు దానితో పాలలో జావ కాస్తారు, ఈ అచ్చుల మీద చల్లుతారు. నా డబ్బాలో ఉప్మాకు ఉంచుకొన్న రవ్వే తీసి చల్లాను, మొదటిసారిలా అంటుకోకుండా వలయాలు జారి వచ్చాయి.

పిండిని చిటికెన వేలి మందాన తాడుగా రుద్ది, చివరలు కలిపి వలయం చేయడం చేగోడీలు చుట్టినవారికి కొత్త పని కాదు. అతుకు దగ్గర వేలితో నొక్కి నున్నగా చేయకపోతే అక్కడే విడిపోతుంది; చేగోడీ విడిపోతే నూనెలో తేలి ఊరుకొంటుంది, ఇక్కడ మాత్రం ఒక అంతస్తు కూలుతుంది. అచ్చులు ఆరు, ఒక్కొక్కదానిలో మూడు వలయాలు. వలయాల మధ్య ఎడం ఉండాలి కాబట్టి, గోపురంలో పక్కపక్కన రావలసిన రెండు వలయాలు ఒకే అచ్చులో ఉండవు. ఈ సంగతి ముందు తెలియక, కాలిన పద్దెనిమిదింటినీ బల్ల మీద కుప్పగా పోసి, తరువాత ఏది పెద్దదో ఏది చిన్నదో కొలిచి వరుస పెట్టడానికి అరగంట వృథా చేశాను. ఇప్పుడైతే ప్రతి వలయం పక్కన అంకె వేసిన కాగితపు ముక్క పెడతాను.

పొయ్యి 200 డిగ్రీలు, మధ్య అర, ఒక్కో విడతకు ఎనిమిది నుంచి పది నిమిషాలు. పైన లేత బంగారు రంగు రాగానే తీయాలి. లోపల మెత్తగా ఉండి పంటికి కాస్త సాగడమే దాని గుణం. వేడిగా ఉన్నప్పుడు ముట్టుకొంటే విరుగుతుంది, అందుకని అచ్చులోనే పూర్తిగా చల్లార్చాలి. చల్లారిన వలయాలను డబ్బాలో పేర్చి, మధ్య ఒక రొట్టె ముక్క పెట్టి మూత వేశాను. రొట్టెలోని తడిని పీల్చుకొని మరునాటికి అవి మెత్తబడ్డాయి. ఆ రొట్టె ముక్క మాత్రం అప్పడంలా ఎండిపోయింది. ఇంకా ముందుగా చేసుకొనేవారు వారాల తరబడి ఫ్రీజర్‌లో ఉంచుతారు.

మిగిలిన పచ్చసొనలను పారేయవద్దని, వాటిలో చక్కెర వేసి నురుగు వచ్చేలా గిలక్కొడితే ఎగ్గెదోసిస్ అవుతుందని, మే 17న పిల్లలకు అదే పెద్ద సంబరమని పెద్దావిడ చెప్పింది. పచ్చి గుడ్డు తినడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మా అమ్మాయి మాత్రం ఒక చెంచా నోట్లో పెట్టుకొని, తరువాత గిన్నె నాకేసింది.

గోపురాన్ని ఇంట్లో కట్టి కారులో తీసుకుపోవడం తెలివైన పని కాదని తోచి, ఆరేసి వలయాల చొప్పున మూడు భాగాలు మాత్రం ముందు రోజు అతికించాను. ఒక తెల్లసొన, ఐసింగ్ షుగర్, రెండు చుక్కల వెనిగర్ కలిపితే చిక్కటి ముద్ద వస్తుంది. అదే జిగురు, అదే ముగ్గు. ప్లాస్టిక్ కాగితాన్ని గోరింటాకు కోన్‌లా చుట్టి, కొన సన్నగా కత్తిరించి, ప్రతి వలయం మీదా ఒక్క ఊపున పైకీ కిందికీ గీతలు లాగాను. చేయి ఎక్కడ ఆగితే అక్కడ బొట్టు పడుతుంది. కింది నాలుగు వలయాల మీద బొట్లే ఎక్కువ, వాటిని జెండాలతో కప్పాను.

కేకంతా బాదమే కనుక నేను ముందుగానే కమిటీకి తెలియజేశాను. బాదంలాంటి పప్పులు పడని పిల్లవాడు ఒకడు ఉన్నాడని, దీనిని విడిగా చిన్న బల్ల మీద పెట్టి పేరు రాసిన చీటీ ఉంచుదామని వారు చెప్పారు. మే 17 ఉదయం జల్లు పడింది, స్టావంగర్‌లో అది వింత కాదు. బ్యాండుతో వెళ్ళిన పిల్లలు తడిసి తిరిగి వచ్చేసరికి నేను బడి హాలులో చివరి భాగాన్ని అతికిస్తూ ఉన్నాను. గోపురం కొద్దిగా ఎడమకు ఒరిగింది. పైన పెట్టిన జెండా ఇంకొంచెం ఎక్కువగా ఒరిగింది.

దానిని చాకుతో కోయరు. గోపురాన్ని పైకెత్తి పట్టుకొని అట్టడుగు వలయాన్ని తీసి, విరిచి పంచుతారు. అలా తింటున్నంతసేపూ గోపురం రూపం చెడకుండా పొట్టిదవుతూ పోతుంది. ఎత్తి పట్టుకోవడానికి నాకు ధైర్యం చాలక ఆ పని పెద్దావిడకే అప్పగించాను.  గంట తిరిగేసరికి పై నాలుగు వలయాలూ, ఒరిగిన జెండా మిగిలాయి.

ఇంటికి వెళ్ళి అచ్చులు కడగబోతుంటే పెద్దావిడ కిటికీలోంచి చూసి వారించింది. రేకు తుప్పు పడుతుందట, వేడినీళ్ళలో ముంచి వెంటనే తుడవాలట, గిన్నెలు కడిగే మెషీన్‌లో మాత్రం వేయకూడదట. తుడిచి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. క్రిస్మస్‌కు తనకూ ఒకటి కావాలని, తిరగలి తిప్పడానికి తన మణికట్టు ఇక సహకరించదని చెప్పింది. అచ్చులు, తిరగలి రెండూ ఇప్పుడు మా వంటింటి పై అరలో, రవ్వ డబ్బా పక్కన ఉన్నాయి.