ఇరవై వేలకు సెటిల్‌మెంట్ వద్దన్నాను: నా అనుభవం

నెల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. 2020లో లాక్‌డౌన్ పెట్టాక మాకు సగం జీతమే ఇచ్చారు, కొన్ని నెలలు అదీ లేదు. అప్పటికే చెల్లెలి పెళ్లికి తీసుకున్న 4 లక్షల పర్సనల్ లోన్ నడుస్తోంది, ఈఎంఐ 9,400. ఇంటి సరుకులు, మందులు రెండు క్రెడిట్ కార్డుల మీద గడిచాయి. మార్చి నుంచి ఆగస్టు దాకా కంతులు కట్టకుండా ఆగొచ్చని మారటోరియం ఇస్తే, ఆ ఆరు నెలలూ వడ్డీ ఆగిందనుకున్నాను. ఆగలేదు, అసలులో కలిసింది.

2021లో సెకండ్ వేవ్‌కి మళ్లీ కాలేజీ మూతపడి రెండు ఈఎంఐలు బౌన్స్ అయ్యాయి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుందని అప్పుడే తెలిసింది. అప్పులు సరిగా కడుతున్నామో లేదో చెప్పే సిబిల్ స్కోరు చూస్తే 611. ఆ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు బాగుందంటాయి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

కోవిడ్ దెబ్బ తిన్నవాళ్ల అప్పుల గడువు పెంచొచ్చని రిజర్వ్ బ్యాంకు 2021 మే 5న చెప్పింది. ఆ ఏడాది మార్చి 31 నాటికి మొండి బాకీ కాని ఖాతా అయ్యుండాలి, సెప్టెంబరు 30 లోపు ఒప్పందం మొదలవ్వాలి. అప్పు ఇచ్చిన బ్రాంచికి వెళితే జీతం తగ్గిందని కాలేజీ నుంచి లెటర్ తెమ్మన్నారు. అలాంటి లెటర్ ఏ యాజమాన్యం ఇస్తుంది? మూడు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగాను. ఆఖరికి 2019 నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ ప్రింటు తీసి, జీతం పడిన ప్రతి వరుస కింద పెన్నుతో గీత కొట్టి, ఒక అర్జీ జతచేసి ఇచ్చాను. తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాను. లెటర్ లేకుండానే ఒప్పుకున్నారు.

మిగిలిన 3.2 లక్షలకు గడువు 44 నెలల నుంచి 68 నెలలకు పెరిగింది, ఈఎంఐ 6,900 చిల్లరకు దిగింది. మొత్తం మీద 57 వేల దాకా ఎక్కువ కట్టాలని లెక్క వేసుకున్నాకే సంతకం పెట్టాను. సిబిల్ రిపోర్టులో ఆ లోన్ పక్కన రీస్ట్రక్చర్డ్, అంటే షరతులు మార్చిన అప్పు అని పడుతుందని కూడా ముందే అడిగి తెలుసుకున్నాను. 5వ తేదీన పడే ఈఎంఐని 12కి మార్పించుకున్నాను, మాకు జీతం పడేది 10న. బౌన్సులు ఆగడానికి గడువు కంటే ఈ తేదీ మార్పే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

మొదటి కార్డు మీద 86 వేలు ఉండేది. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే మూడు వేల పైమాట, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. నేను కడుతున్న మినిమం 4,300లో అసలుకు పోయేది వెయ్యి కూడా లేదు. ఫోన్ చేసి అడిగితే ఆ బాకీని 18 శాతం వడ్డీకి 24 నెలల ఈఎంఐగా మార్చారు. నెలకు 4,293, దాని మీద కాస్త జీఎస్టీ. ఇంచుమించు కడుతున్న డబ్బే, రెండేళ్లకు అప్పు తీరిపోయింది. అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పేవాళ్లు కాదు.

అసలు టెన్షన్ రెండో కార్డుది. 2022లో నాన్న ఆపరేషన్ వల్ల అది నాలుగు నెలలు వెనకబడింది. రాత్రి తొమ్మిదిన్నరకి నా భార్య ఫోన్‌కి రికవరీ వాళ్లు చేసేవాళ్లు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని రిజర్వ్ బ్యాంకు ఆ ఆగస్టులోనే చెప్పింది. కాల్స్ టైములన్నీ స్క్రీన్‌షాట్లు తీసి బ్యాంకుకి మెయిల్ పెట్టాక రాత్రి కాల్స్ ఆగాయి. తర్వాత ఇంకొకతను మంచిగా మాట్లాడాడు: "49 వేల బాకీ సార్, 20 వేలు కట్టేయండి, క్లోజ్ చేసేద్దాం."

ఒప్పుకునేవాడినే. కావలిలో ఉండే మా నాన్న స్నేహితుడు, బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైన ఆయన, వినగానే అడ్డం పడ్డారు. "ఒప్పుకోబాక నాయనా. క్లోజ్ అని నోటితో అంటాడు, రిపోర్టులో సెటిల్డ్ అని, అంటే పూర్తిగా కట్టలేదని రాస్తారు. ఏడేళ్ల దాకా నీ వెంటే ఉంటది. రేపు ఇంటి లోనుకు పోతే ముందు దాన్నే చూస్తారు."

"మరి ఎట్టా కట్టేది బాబాయ్?"

"ఇంట్లో బంగారం లేదా? కార్డు వడ్డీలో మూడో వంతు కూడా పడదు దానికి."

అడగడానికి నాకు నోరు రాలేదు. నా భార్యే రెండు సవర్ల గొలుసు తీసి ఇచ్చింది. తాకట్టు పెట్టి 49 వేలూ కట్టి, బాకీ ఏమీ లేదని కాగితం రాయించుకున్నాను. గొలుసు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

స్కోరు పెరుగుతోందని సిబిల్ ఒక్కటే చూసుకుంటూ ఊరుకున్నాను, అది పొరపాటు. అలాంటి రిపోర్టులిచ్చే సంస్థలు ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి, నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. 2024 ఆగస్టులో నాలుగూ తీస్తే, ఒకదానిలో ఆ రెండో కార్డు సెటిల్డ్ అని ఉంది! బాకీ లేదన్న కాగితం జతచేసి, ఇది తప్పని ఆ సంస్థకి డిస్ప్యూట్ పెట్టాను, బ్యాంకుకీ రాశాను. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఆ ఏప్రిల్ నుంచే అమల్లో ఉంది, దాన్నీ ఉత్తరంలో రాశాను. పంతొమ్మిదో రోజున క్లోజ్డ్ అని మారింది. అప్పటికీ తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

2025లో స్కోరు 742. ఆ ఏడాది రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో నా భార్య సొంతిల్లు కావాలని మొక్కుకుని ఇంటి రొట్టె పట్టుకుంది. ఇంటి లోన్ సంగతి కనుక్కుందామని బ్యాంకుకి వెళితే, మేనేజరు రీస్ట్రక్చర్డ్ అన్న మాట దగ్గర ఆగారు. నాటి ఒప్పంద పత్రం, తర్వాత ఒక్క ఈఎంఐ కూడా తప్పని స్టేట్‌మెంటు చూపించాను. పాత లోన్ తీరాక రమ్మన్నారు. ఆఖరి కంతు 2027 మేలో.