కంబారి పద్దు

విజయనగరంలో ఒక ఆడిటర్ గారి దగ్గర పద్దెనిమిదేళ్లుగా పద్దులు రాస్తున్నాను. ఏ పుస్తకం తెరిచినా ముందు గళ్ల మీద ఏం రాసుందో చూస్తాను. మొన్న ఆ అలవాటే నిద్ర చెడగొట్టింది.

ఇంటర్నెట్లో అమెరికా పత్తి తోటల లెక్కల పుస్తకం ఒకటి కనిపించింది. థామస్ ఆఫ్లెక్ అని, స్కాట్లండులో పుట్టి మిసిసిపీలో స్థిరపడ్డ మనిషి, 1840ల్లో గళ్లు గీసి అచ్చువేయించి అమ్మాడు. 40 మంది దాకా పనిచేసే తోటకి ఒక సైజు, 80కి ఒకటి, 120కి ఒకటి. ఒక పేజీలో నిలువునా బానిసల పేర్లు, అడ్డంగా సోమవారం నుంచి శనివారం. ఎవరు ఏ రోజు ఎన్ని పౌన్ల పత్తి ఏరారో గడిలో వెయ్యాలి. ఇంకో పేజీలో మనిషి పేరు, వయసు, ఏడాది మొదట్లో ఖరీదు, చివర్లో ఖరీదు. మేము మిషన్లకి వేసే తరుగుదల షెడ్యూలు అచ్చం ఇంతే. కాకపోతే ఎదిగే పిల్లల దగ్గర ఖరీదు పెరుగుతుంది. ఆ తోటల్లో పూర్తి పని చేసే మనిషిని ఒక ‘చెయ్యి’ అనుకుని, పిల్లల్ని పావు చెయ్యి, అర చెయ్యి అని కూడా లెక్కకట్టేవారు.

అప్పుడు గుర్తొచ్చింది, రాజాం దగ్గర మా ఊళ్లో అటక మీదున్న తాత చిట్టా. పండక్కి వెళ్లినప్పుడు దింపాను. ఎద్దుల పేజీలో గౌరడు, మైలడు అని పేర్లున్నాయి. ఎదుటి పేజీలో ఉత్త ‘కంబారి’, అంటే పాలేరు. 1974 ఉగాదికి బాకీ 85 రూపాయలు. కూతురి పెళ్లికి 60, మందులకి 12. జీతం గింజల్లో విరగ్గోసింది 30. బాకీ 127. వడ్డీకి గడి లేదు. చాకిరీయే వడ్డీ అన్నమాట.

రెండూ ఒకటే అనను. మా తాత మనిషిని కొనలేదు, అమ్మలేదు. అక్కడ బానిస కడుపున పుట్టిన బిడ్డ కూడా యజమాని ఆస్తే. అలాగని పేరు రాయడం గొప్ప మర్యాదేమీ కాదు. పేరు లేకపోతే ఎవరు ఎన్ని పౌన్లు ఏరారో ఎలా తెలుస్తుంది? మా తాతకి ఉన్నది ఒక్కడే కంబారి, పేరుతో పనిపడలేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి అలాంటి బాకీలు చెల్లవంది. 1977 పేజీ పైన మాత్రం ‘వెనక పేజీ బాకీ’ అని తాత గుండ్రటి అక్షరాలు.

అమ్మని అడిగాను. "ఆడు నాకు తెలీకేటి? నన్ను కాపరానికి తెచ్చిన బండి తోలింది ఆడే" అంటూ పేరు ఠక్కున చెప్పింది. ఇక్కడ రాయను. మనవడు రాజాంలో ఆటో నడుపుతున్నాడు, అతన్ని అడక్కుండా రాయడం బాగోదు. చిట్టా అతనికి చూపించాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి అది నా బ్యాగులోనే ఉంది.