ఈగను సూదికి అతికించే పని

నల్లగొండలో మగ్గిన బత్తాయిల మీద ముసిరే చిన్న పండ్ల ఈగలే మ్యూనిక్ పక్కనున్న ల్యాబుల్లో మన పిల్లలకు బువ్వ పెడుతున్నాయి. కళ్లముందు కదలికను చూసి ఈగ ఎటు తిరుగుతుందో కొలవడమే అక్కడి పని. నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో ఇంజినీరింగ్ చేసి వచ్చినవాళ్లు దీన్ని కోడ్ రాసే పని అనుకుంటారు. కోడ్ తొందరగానే వస్తుంది. చేయి తిరగడానికే నెలలు పడుతుంది.

ఈగ ఒక్కో కంటిలో దాదాపు 750 చిన్న కళ్లుంటాయి. వాటిమీద పడ్డ వెలుతురు సంకేతంగా మారి, కంటి వెనుక లామినా, మెడుల్లా అనే మెదడు పొరలు దాటి టీ4, టీ5 అనే నరాల కణాల దగ్గరికి వచ్చాకే ఎదుట ఉన్నది ఎటు కదులుతోందో తేలుతుంది. టీ4 వెలుగు అంచులను పడుతుంది, టీ5 చీకటి అంచులను. ఒక్కోదానిలో నాలుగు రకాలు, నాలుగు దిక్కులకు. ఇది మ్యూనిక్ పక్కనున్న మార్టిన్స్‌రీడ్‌లోనే 2013లో బయటపడింది. ఆ పైన హెచ్‌ఎస్ కణాలు అడ్డం కదలికను, వీఎస్ కణాలు నిలువు కదలికను పోగుచేస్తాయి. అక్కడి నుంచి సంకేతం రెక్కల దాకా పోవాలంటే మెడ దాటాలి, ఆ దారి చాలా ఇరుకు. 2024లో అచ్చయిన ఈగ మెదడు పటంలో 1,39,255 నరాల కణాలుంటే, కిందికి ఆజ్ఞ మోసేవి సుమారు 1,300 మాత్రమే. ఇంతా కలిసి చేసే పని ఏమిటంటే, ఎదుటి తెర మీద చారలు కుడికి జరగగానే ఎడమ రెక్క వెడల్పుగా కొట్టుకుని ఈగ కుడికి తిరగడం.

దాన్ని కొలవాలంటే ఈగ ఎగరాలి గానీ ఉన్నచోటు కదలకూడదు. అందుకే సూది. సుమారు 4 డిగ్రీల చల్లటి పలక మీద ఈగను మత్తులో పెట్టి, వీపు ముందుభాగాన, మెడకు కొంచెం వెనుక, వెంట్రుకంత టంగ్‌స్టన్ తీగ ఆనించి, యూవీ లైటుకు గట్టిపడే జిగురు చుక్క వేస్తారు. చుక్క ఆవగింజంత అయిందంటే ఎక్కువైనట్టే. రెక్క మొదట్లోకి పాకితే ఆ రెక్క బిగుసుకుని ఈగ ఎప్పుడూ ఒకవైపే తిరుగుతుంది, కొత్తవాళ్లేమో దాన్ని మెదడు ఫలితమని రాసుకుంటారు. తేడా పట్టడం తేలికే: చారలను ఎదురు దిక్కుకు తిప్పండి. తిరుగుడు కూడా మారితే చూపు పనిచేస్తున్నట్టు, మారకుంటే తప్పు జిగురుది. పలక మీద ఎక్కువసేపు ఉంచితే ఈగ తేరుకోదు. అతికించాక అరగంటైనా వదిలేయాలి, కాళ్లకు చిన్న కాగితం ముక్క అందించాలి. అది పట్టుకుంటే కూర్చున్నాననుకుంటుంది, లాగేస్తే ఎగురుతుంది. ఆగిపోతే మెల్లగా ఊదితే చాలు.

తెరగా మామూలు కంప్యూటర్ మానిటర్ పెట్టకూడదు. సెకనుకు 60 సార్లు మారే బొమ్మ మనకు నిలకడగా ఉన్నా ఈగ కంటికి మిణుకుమిణుకుమంటుంది. ఎల్‌ఈడీ పలకలు వాడేది అందుకే. రెక్కలను చూసే కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్ వెలుగు, అది ఈగకు కనిపించదు.

ఈగల మేత మనవాళ్లకు చేతనైన పనే. మక్కపిండి గట్కే అది, అందులో గడ్డకట్టించే అగర్, ఈస్టు, చక్కెర వేస్తారు. అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. బూజు పట్టకుండా వేసే ప్రొపియోనిక్ ఆమ్లాన్ని మాత్రం గట్క చల్లారుతున్నప్పుడు కలపాలి, మరుగుతుండగా పోస్తే ఆవిరైపోతుంది. పలుచనైతే ఈగలు అందులో మునిగి చస్తాయి.

ఇక టైం సంగతి. ఈగలు లైటు వెలిగినప్పుడూ, ఆరేముందూ చురుగ్గా ఉంటాయి. ఈగలను ఉంచే ఇంక్యుబేటర్ పెట్టెలోని లైటును రాత్రి 2కు వెలిగి మధ్యాహ్నం 2కు ఆరేలా పెట్టుకుని, కనీసం మూడు రోజులు ఈగలను అలవాటు పడనివ్వాలి. అప్పుడు ప్రయోగాలు 11 నుంచి 2 లోపల ముగుస్తాయి. ఎండాకాలంలో ఇక్కడ సాయంత్రం 4:30 అయితే ఊళ్లో రాత్రి 8, అమ్మానాన్నలు తిని కూర్చునే వేళ. అక్టోబర్ చివరి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది, ఆ తర్వాత 3:30కే ఫోన్ చేయాలి. పాత టైమర్లు వాటంతటవి మారవు, ఆ వారం దాన్ని తప్పకుండా చూసుకోండి.