పెనం మధ్యలో పొడి మచ్చ

చూస్తుండగానే నూనె మధ్యలోంచి పక్కకి తప్పుకుంది.

ఆమ్లెట్ కోసం పొద్దున నాన్‌స్టిక్ పెనం పెట్టి, చెంచాడు నూనె వేసి అంతా పరిచాను. కాసేపటికే సరిగ్గా మంట పైన రూపాయి బిళ్ళంత పొడి మచ్చ. మెల్లగా పెద్దదైంది. చుట్టూ నూనె గట్టు కట్టినట్టు మెరుస్తూ నిలబడింది. గుడ్డు కూడా అక్కడే అంటుకుంది.

ఇన్నాళ్ళూ పెనం ఉబ్బిందనే అనుకున్నా. స్కేలు ఆనించి చూశా, చదునుగానే ఉంది.

సంగతి తలతన్యతది, అంటే ద్రవం పైపొర బిగువుది. ద్రవం వేడెక్కేకొద్దీ ఆ బిగువు తగ్గుతుంది. నీటికే చూడండి, 20 డిగ్రీల దగ్గర మీటరుకి 72.8 మిల్లీన్యూటన్లు, 100 దగ్గర 59కి దిగుతుంది. పెనం నడిమి వేడికి అక్కడ నూనె పట్టు సడలుతుంది. అంచుల్లో చల్లగా ఉన్న నూనె పైపొరని తన వైపు లాక్కుంటుంది. పొర పల్చబడి పల్చబడి, చివరికి తెగుతుంది.

2021లో చెక్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ళు పొద్దుతిరుగుడు నూనెతో ఇదే చూసి రాశారు. మందపాటి అడుగు, సన్న మంట, ఇంకాస్త నూనె ఉంటే పొర నిలుస్తుందట.

ఫోన్లో చెప్తే అమ్మ, "మరి అట్టు అట్టుకీ ఉల్లిపాయతో నూనె రుద్దేది ఎందుకనుకున్నావురా?" అంది. నిజమే, తెగిన పొరని మళ్ళీ పరచడమేగా అది!

రెండో ఆమ్లెట్‌కి మంట బాగా తగ్గించాను. పొర తెగలేదు. గుడ్డు కొట్టడం మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డా.