తాళ్లలో పిల్లలు, బల్ల కింద కుక్క

మా చెల్లె ఇంగ్లండులో, లీడ్స్‌లో ఉంటుంది. మొన్న ఆదివారం మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. ఒక పబ్బు. కిటికీ పక్కన బల్ల, దాని మీద మరిది బీరు గ్లాసు. పక్కన చెల్లె బిడ్డ రంగు పెన్సిళ్లు ముందేసుకుని కాగితం మీద ఏదో గీస్తోంది. బల్ల కింద వాళ్ల లాబ్రడార్, దాని ముందు నీళ్ల గిన్నె.

ఇక గ్రూపులో మొదలైంది. "ఆడపిల్లను బార్ల కూసోబెడ్తరానే?" అని మా పెద్దమ్మ వాయిస్ మెసేజ్. "కుక్కకు అక్కడేం పని?" అని తమ్ముడు. బాబాయి ఏమీ అనకుండా ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. నాకైతే నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ పెద్దమ్మే మమ్మల్నందరినీ చిన్నప్పుడు సాయంత్రం కాగానే తాళ్లల్లకు, అంటే కల్లు తీసే తాటివనంలోకి, తోలుకుపోయేది.

మాది మునుగోడు దిక్కు పల్లె. నాయిన గీత కార్మికుడు. ఇప్పుడు కాటమయ్య రక్షణ కవచం అని 2024 నుంచి సర్కారు సేఫ్టీ కిట్లు ఇస్తోంది గానీ, నాయినకు చెట్టెక్కే మోకు, ముస్తాదు, నడుముకు గీత కత్తి, అంతే. చెట్టు కింద ఎవరూ నిలబడొద్దన్నది ఆయన పెట్టిన ఒకే రూలు. లొట్టి, అంటే కల్లు కుండ, జారితే నెత్తి పగులుతుంది. దానికి తోడు కల్లు వాసనకు కందిరీగలు. ఆ రూలు ఒక్కటి పాటిస్తే చాలు, మిగతా తాళ్లన్నీ పిల్లలవే. పెద్దవాళ్లు తాటాకు రేక పట్టి తాగుతూ, గుడాలు నములుతూ ముచ్చట్లలో ఉంటే, మేము తాటికాయలకు పుల్ల గుచ్చి బండ్లు చేసి తోలేవాళ్లం. ఎండాకాలం ముంజలు, చలికాలం గేగులు. మా అమ్మ, పెద్దమ్మ, పక్కింటి అవ్వ, అందరూ అక్కడే. ఆడవాళ్లు తాగితే తప్పని ఎవరూ అనుకోలేదు.

అప్పుడు నాకు అర్థం కాని సంగతి ఒకటి ఇప్పుడు తెలుస్తోంది. తాళ్లకు కరెంటు లేదు. పొద్దు గూకితే పురుగూ పుట్రా భయం. లొట్టి ఖాళీ అయినా కాకపోయినా ఇంటికి లేవాల్సిందే. మమ్మల్ని ఎవరూ ఎదురు చూడబెట్టలేదు. ఎదురు చూసేంత టైము అక్కడ ఉండేది కాదు.

అట్లని తాళ్లను దేవుడి గుడి చేసి చెప్పడం లేదు. పొద్దున పదింటికే వచ్చి కూలబడి, పెళ్లాం వచ్చి లేపితే తప్ప లేవని మనుషులను చూశాను. కొట్లాటలు చూశాను. కడుపు చల్లబడుతుందని పసిపిల్లల నోట్లో గుక్కెడు పోసే అవ్వలనూ చూశాను. నాయిన మాత్రం ఎవరి పిల్లలకూ పోయనిచ్చేవాడు కాదు. ఈ కాలంలో అది మరీ ప్రమాదం. చుట్టుపక్కల చెట్టే లేని చోట కూడా కల్లు పారుతోందంటే అది ఏ చెట్టు నుంచి దిగిందో అడగాలి. కల్తీకి కలిపే మత్తు మందులు క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్ప్రాజోలం అనే మాటలు మన పాలమూరు వైపు చదువు రాని వాళ్లకు కూడా తెలుసు. 2025 జూలైలో హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అందుకే పిల్లలు అక్కడికి రావడం వేరు, రుచి చూడటం వేరు. రెండోదానికి నా దగ్గర మాఫీ లేదు.

ఇక మన ఫ్యామిలీ సెక్షన్ల గురించి చెప్పాలి.

హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ప్రయాణం చేసేవాళ్లకు ఈ బోర్డు బాగా తెలుసు. కింద బార్, పైన ఏసీ ఫ్యామిలీ. ఒకసారి సూర్యాపేట నుంచి నల్లగొండకు వస్తూ, బాబుకు ఆకలేస్తుందంటే రాత్రి అలాంటి చోట ఆగాం. నీలం బల్బు, పరదా కట్టిన క్యాబిన్లు. ఫ్యామిలీ అనడానికి అక్కడ ఉన్నదల్లా ఆ పరదాయే. మా ఎదుటి క్యాబిన్ పరదా సగం తీసి ఉంది. తల్లి, తండ్రి, ఏడెనిమిదేళ్ల పిల్లాడు. పిల్లాడి అన్నం ఎప్పుడో అయిపోయింది. సోడా సీసాకున్న లేబుల్‌ను గోరుతో సన్నగా చీలికలు తీసి, ఒక్కో చీలికనూ బల్ల అంచుకు వరసగా అంటిస్తున్నాడు. వరస పూర్తయితే మళ్లీ పీకి మొదటి నుంచి అంటిస్తున్నాడు. "పోదమా డాడీ?" అన్నాడు. "ఐదు నిమిషాలు బిడ్డా" అన్నాడు తండ్రి, మంచిగానే, ప్రేమగానే. ఆ ఐదు నిమిషాలయ్యాక ఇంకో క్వార్టర్ వచ్చింది. వెయిటర్‌కు జాలేసిందో ఏమో, పల్లీల ప్లేటు తెచ్చి పిల్లాడి ముందు పెట్టాడు. వాడు దాంట్లోంచి పచ్చిమిర్చి ముక్కలు ఏరి పక్కన పెడుతూ కూర్చున్నాడు. తల్లి ఫోన్ తిప్పి టైం చూసి మళ్లీ బోర్లా పెట్టేది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, తిట్టలేదు, గ్లాసు పగలలేదు. మేము బిల్లు కట్టి లేచేసరికి కూడా వాళ్లు అక్కడే ఉన్నారు. బయట వాళ్లదే కాబోలు, ఒక కారు. దాన్ని ఎవరు నడుపుతారా అని నాకు ఇంటికొచ్చేదాకా టెన్షనే.

తాగేవాళ్లను పిల్లలు చూడటం వల్ల చెడిపోతారని నేను అనుకోను. మా ఊళ్లో పెళ్లికీ, చావుకూ, బోనాలకూ కల్లు ఉంటుంది, దేవతకు సాక పోస్తారు, చూసే పెరిగాం. పిల్లలకు నష్టం చేసేది ఆ "ఐదు నిమిషాలే".

ఈ సంగతి ఆ దేశాల వాళ్లకు అర్థమైనట్టుంది. చెల్లెను అడిగి, నేనూ చదివి తెలుసుకున్నదేమంటే, ఇంగ్లండులో 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం, ముఖ్యంగా మందు కోసమే నడిచే చోట 16 ఏళ్లలోపు వాళ్లు పెద్ద తోడు లేకుండా ఉండకూడదు. తోడుంటే ఉండొచ్చు, అయితే ఎన్ని గంటల దాకా అనేది చాలాచోట్ల పబ్బు వాళ్లే పెట్టుకుంటారు. పక్కనున్న ఐర్లండ్‌లో అయితే గంట కూడా చట్టంలోనే ఉంది. రాత్రి తొమ్మిది, మే నుంచి సెప్టెంబరు దాకా పది. చలికాలం, ఎండాకాలం పొద్దును బట్టి మార్చారు చూడండి, అచ్చం మా తాళ్ల లెక్కే. అట్లని అక్కడి తల్లిదండ్రులు మనకంటే జాగ్రత్తపరులని కాదు. డేవిడ్ కామెరాన్ బ్రిటన్ ప్రధానిగా ఉన్నప్పుడు ఆదివారం పబ్బుకు పోయి, రెండు కార్లలో తిరిగొస్తూ, ఆ కారులో ఉందని వీళ్లు, ఈ కారులో ఉందని వాళ్లు అనుకుని ఎనిమిదేళ్ల బిడ్డను పబ్బులోనే మరిచిపోయి వచ్చారు. 2012లో పేపర్లన్నీ రాశాయి. మన జాతరల్లో మైకులో పేరు పిలిపించుకునే తల్లులు దాన్ని చదివితే కొంత ఊరట పడతారు.

మన దగ్గర 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మొద్దని చట్టం ఉంది. పక్కన కూర్చుని లేబుల్ చింపుకునే పిల్లాడి గురించి మాత్రం ఎవరికీ పట్టదు. సినిమాహాళ్ల విషయంలో మన హైకోర్టు 2025 జనవరిలో, 16 ఏళ్లలోపు పిల్లలను రాత్రి 11 దాటాక, ఉదయం 11కు ముందు రానియ్యొద్దని మధ్యంతరంగా చెప్పింది. హాళ్లవాళ్లు గోల పెడితే మార్చి నాటికి సడలించింది. అదైనా కనీసం చర్చకు వచ్చింది.

కుక్కల సంగతి చెప్పలేదు కదా. అక్కడ కుక్కలు పబ్బులోకి రావొద్దని చట్టమేదీ లేదట, వంటగదిలోకి తప్ప. ఓనరు ఇష్టం. కానీ ఆ లాబ్రడార్‌కు మెడలో పట్టీ ఉంది, సూది వేసిన కార్డు ఉంది, అది తప్పు చేస్తే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. మా తాళ్లలో ఎర్రోడు అని ఒక కుక్క ఉండేది. అందరిదీ అదే, కాబట్టి ఎవరిదీ కాదు, సూది ఎవరూ వేయించలేదు. ఎంత మంచిదంటే తోక తొక్కినా ఊరుకునేది, బొక్క, అంటే ఎముక, దొరికిన నిమిషం తప్ప. అప్పుడు అటు నుంచి పిల్లలు ఉరికితే గుర్రుమనేది. ఒకసారి మా చిన్నాయన కొడుకు పిక్క పట్టుకుంది. అప్పట్లో పసుపు అద్దారు. ఇప్పుడైతే సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్ల కింద కడిగి, అదే రోజు దవాఖానకు పోవాలి, గీరుకున్నా సరే. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల నుంచి వీధికుక్కలను తీసెయ్యమంది. కల్లు దుకాణాలు ఆ లిస్టులో లేవు. తమాషాకు కుక్క ముందు కల్లు పోసి ఫోన్‌లో వీడియో తీసే మగమహారాజులను కూడా ఎవరైనా లిస్టులో చేర్చాలి. కుక్కకు కొంచెం మందు కూడా విషమే. వేయించిన కోడి బొక్క పేడులుగా విరిగి దాని పేగులో గుచ్చుకుంటుంది.

ఈ మాటలన్నీ ఫోన్‌లో చెబితే తమ్ముడు ఊరుకోలేదు. "పిల్లలను రావొద్దంటే తల్లులు కూడా ఇంట్లనే ఉండాలె కదా అక్కా, ఇంక ఆడోళ్లు బయటికి పోయి తినేదెప్పుడు?" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. పిల్లలు వద్దని బోర్డు పెడితే అది తల్లులకు పెట్టిన బోర్డే అవుతుంది, ఎందుకంటే మన ఇళ్లల్లో పిల్లాడితో ఇంట్లో ఉండిపోయేది తండ్రి కాదు. అందుకే పిల్లలను ఆపమని నేను అనడం లేదు. రాత్రి ఎనిమిది కొట్టగానే ఫ్యామిలీ సెక్షన్‌లో మందు ఆర్డరు తీసుకోవడం ఆపెయ్యాలి, అంతే. అన్నం, పప్పుచారు, పెరుగు ఎంతసేపైనా పెట్టుకోనీ. ఇంకా తాగాలనిపించినాయన కింది అంతస్తుకు దిగి తాగుతాడు, కారు తాళం పైన పెళ్లానికి ఇచ్చి.